బెత్తెడు గుంత చూడటానికి నంద్యాల పోయాను

నంద్యాల వెళ్లొచ్చానని తెలిసి మా కాలేజీలో ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న, మహానంది కోనేట్లో మునిగావా అని. మునగలేదు. నవనందులు చూశావా అంటారు. ఒక్క నందినీ చూడలేదు. మరి సెలవు పెట్టి అంత దూరం పోయి ఏం వెలగబెట్టావయ్యా అంటే, బెత్తెడు వెడల్పున్న గుంత ఒకటి చూశాను, దానికి కాస్త ఎడంగా నాటిన నాపరాయి ఒకటి చూశాను. ఇలా చెబితే ఎండదెబ్బ తగిలిందేమోనని నా నుదురు పట్టుకు చూస్తున్నారు. అందుకని కూర్చుని అంతా రాసేస్తున్నాను. ఇక అడిగినవాడి చేతిలో ఈ కాగితాలు పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

నేను గుంటూర్లో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. మా అక్క మొగుడు శేషగిరి బావ నంద్యాలలో కాలువల ఓవర్సీరు. ఏడాదికి ఒక ఉత్తరం రాస్తే గొప్ప అనుకునే మనిషి, ఫాల్గుణం మొదట్లో నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అందులో సంగతి ఇది.

బావ పైఅధికారి ఒక తెల్లదొర. ఆయనకు గోల్ఫు పిచ్చి. గోల్ఫు అంటే మన బిళ్లంగోడుకు దొరల వైపు చుట్టం అనుకోండి. కోడిగుడ్డు కంటే చిన్న బంతిని వంకీకర్రతో కొట్టి, ఎక్కడో ఉన్న బెత్తెడు గుంతలో వెయ్యాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. నాలుగైదు దెబ్బల్లో వేస్తే మర్యాదస్తుడు. ఒకే దెబ్బకు పడితే ఆ దొర చచ్చేదాకా చెప్పుకుంటాడు.

నెల కిందట ఒక ఆదివారం మా బావ దొర, రైలు దొర ఒకడు, ఒక విస్కీ సీసా పందెం కాసుకుని ఆడారు. మూడో గుంత దగ్గర ఇంజనీరు దొర బంతి కొట్టాడు. అది పక్కకు పోయి తుమ్మచెట్ల చాటున మాయమైంది. ఇద్దరూ వెళ్లి చూస్తే గుంతలో ఉంది. బంతి ఎటు పోతుందో చూడటానికి ముందుకెళ్లి నిలబడ్డ మద్దిలేటి, బావ కింద కాలువ తూములు చూసుకునే లస్కరు, అది కంచె రాయికి కొట్టుకుని తిరిగొచ్చి దానంతటదే పడిందని చెప్పాడు. రైలు దొర పకపకా నవ్వి, నీ మనిషే వేశాడు పొమ్మన్నాడు.

ఇంజనీరు దొరకు తల కొట్టేసినట్టయింది. దొంగ గెలుపు నాకొద్దు అన్నాడు. నన్ను సంతోషపెట్టడానికి నువ్వే వేశావని ఒప్పుకో, క్షమించేస్తాను అన్నాడు మద్దిలేటితో. మద్దిలేటి ఒప్పుకోలేదు. అప్పటికప్పుడు మద్దిలేటి దగ్గరున్న తూము తాళంచెవి లాగేసుకున్నారు. మంగళవారం పైనుంచి పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడు. ఆలోపు ఒప్పుకోకపోతే మద్దిలేటిని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం మీద ఆయన సంతకం పడుతుంది.

"ఒక్క అబద్ధం ఆడితే ఉద్యోగం నిలుస్తుంది. వాడు ఆడడు. ఇరవై ఏళ్లుగా ఎరుగుదును, చేతులు కట్టుకుని చూడలేకపోతున్నాను. నీ ఫిజిక్సు ఎందుకైనా పనికొస్తుందేమో రారా" అని ముగించాడు బావ.

నల్లమల దాటుతుంటే

గిద్దలూరులో ఒక ముసలమ్మ బుట్టతో ఎక్కి, నన్ను జరిపి నా పక్కనే కూర్చుంది. మా వైపు రైల్లో కొత్తవాళ్లను మీదే వూరు అని మొదలుపెడతాం. ఈమెకు అంత ఓపిక లేదు.

"యాడికి పోతాండావప్పా?"

"నంద్యాలకమ్మా."

"ఏం పని?"

ఏం పనంటే ఏం చెప్పను? ఒక బంతి రాయికి తగిలి గుంతలో పడిందా లేదా తేల్చడానికి అని ఉన్నమాటే చెప్పాను. ఆమె దోసెడు బొరుగులు, అంటే మన మరమరాలు, నా చేతిలో పోసి, తనూ కొన్ని నోట్లో వేసుకుని, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"దీనికి జీతమిస్తారా?"

"కాలేజీలో ఇస్తారమ్మా."

"మంచి కొలువే పట్టినావు" అంది. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకుంది. ఇంతలో బండి కొండ సొరంగంలో దూరింది. కిటికీ మూసుకోమని అందరూ అరుస్తున్నా, చూద్దామని తల బయటపెట్టాను. అవతలికి వచ్చేసరికి నా తెల్లచొక్కా, నా మొహం ఒకే రంగులో ఉన్నాయి. ముసలమ్మ నంద్యాల దాకా నవ్వుతూనే ఉంది.

అక్క వంటింట్లో బంతి

నంద్యాలలో ఇళ్ల ముందు పరిచినవి, అరుగుల మీద వేసినవి, ఇళ్ల పైన కప్పినవి, గొడ్లపాకకు గోడగా నిలబెట్టినవి అన్నీ నాపరాళ్లే. మా వైపు తాటాకు లేకుండా ఎలా గడవదో ఇక్కడ నాపరాయి లేకుండా అలా గడవదు. పొద్దున కాఫీతోపాటు ఉగ్గాని పెట్టారు. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, తాలింపు వేసి, పప్పులపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. గుంటూరువాడిని నన్ను మిరపకాయ ఏం చేస్తుందిలే అనుకున్నాను. చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం పెరట్లో ప్రయోగం మొదలుపెట్టాను. బావ పాత బంతి ఒకటి తెచ్చిచ్చాడు. జపానువాళ్లు రబ్బరు తోటలున్న దేశాలు పట్టుకున్నాక ఈ బంతులు దొరలకు కూడా దొరకడం లేదట. అందుకే మద్దిలేటిలాంటి చురుకైన కళ్లవాణ్ణి ముందు నిలబెట్టి ఆడుతున్నారు. బంతి ఒంటినిండా అమ్మవారు పోసి తగ్గిన మొహంలా గుంటలు. ఆ గుంటలే దాన్ని గాలిలో దూరం మోసుకుపోతాయని బావకు చెప్పాను. నున్నటి బంతి వెనక గాలి సుడి తిరిగి దాన్ని వెనక్కి లాగుతుంది, గుంటలుంటే గాలి ఒంటికి అంటుకుని సాగుతుంది, లాగుడు తగ్గుతుంది. బావ తలూపాడు. వినడం లేదని తెలుస్తూనే ఉంది.

"ముందు కొట్టరా" అన్నాడు.

చేతికర్ర తిరగేసి కొట్టాను. బంతి బావి గట్టుకు తగిలి, పెరటి నాపరాయి మీద ఒక్క గెంతు గెంతి, వంటింటి తలుపులోంచి లోపలికి పోయి అక్క కాస్తున్న చారుగిన్నెలో పడింది.

తరువాత జరిగింది మా కుటుంబ విషయం. చారంతా పెరట్లో పారబోసింది, గిన్నె చింతపండుతో మూడుసార్లు తోమించింది, నా చేత మళ్లీ స్నానం చేయించింది. సాయంత్రం కోపం తగ్గాక మాత్రం, అదే దెబ్బ మళ్లీ కొట్టి చూపించమని బావ, అక్క ఇద్దరూ పందెం వేశారు. వంటింటి తలుపు మూసి, గుమ్మంలో ఖాళీ గిన్నె పెట్టి చీకటిపడేదాకా కొట్టాను. గిన్నె దరిదాపులకు కూడా పోలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు చూడండి. నా బంతి చారులో పడింది గనక మద్దిలేటి బంతి గుంతలో పడి ఉండొచ్చు అనుకున్నానే గాని, పడిందని మాత్రం అనుకోలేదు. ముఖం కూడా చూడని మనిషి మాట, ఎందుకో మనసు ఒప్పలేదు.

దొర మైదానం

శనివారం పొద్దున బావ నన్ను దొర దగ్గరికి తీసుకెళ్లాడు. కాలువ బంగళా వెనక బీడులో ఆరు గుంతలు. గోల్ఫుకు పచ్చగడ్డి కావాలట. నల్లరేగడిలో, ఆ ఎండలో గడ్డి ఎక్కడిది? ప్రతి గుంత చుట్టూ ఇసకలో వాడిన నూనె కలిపి చాపలా పరిచారు. మూడో గుంతకు కుడివైపు నాపరాళ్ల కంచె. మనిషి ఛాతీ ఎత్తు పలకలు వరసగా పాతారు. వాటినిండా సుద్దగీతలు.

"లస్కర్ల గీతలురా. కనిపించిన రాయినల్లా గీస్తారు. మంగళవారం పెద్ద దొర వస్తున్నాడుగా, ఆ పొద్దున అన్నిటికీ సున్నం కొట్టించేస్తాను" అన్నాడు బావ.

దొర పొడుగ్గా, ఎర్రగా, అలిసిపోయినట్టు ఉన్నాడు. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. నేను అరగంట దంచాను. ప్రపంచంలో ఉన్న దొరలంతా ఏళ్ల తరబడి కొట్టే దెబ్బలన్నీ కలిపితే లెక్కకు అందవు, అందులో ఏదో ఒకటి రాయికి తగిలి గుంతలో పడటం వింత కాదు, ఎన్నడూ పడకపోతేనే వింత అన్నాను. ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు.

"ఎప్పుడైనా జరగొచ్చని నాకూ తెలుసు. నేనడుగుతున్నది ఆ ఆదివారం జరిగిందా అని" అన్నాడు.

ఆయన చెడ్డవాడైతే బాగుండేదనిపించింది, తిట్టుకుని బయటపడేవాణ్ణి. గెలిచిన పందెం తనది కాదేమోనని బాధపడుతున్న మనిషిని ఏమని తిట్టుకోను? మద్దిలేటి ఎక్కడున్నాడని అడిగితే, ఆళ్లగడ్డ దగ్గర సొంతూరికి పోయాడన్నాడు బావ.

బొగ్గు బస్సు, ఆళ్లగడ్డ సంగటి

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు, బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. బస్సు వీపున ఇనప పొయ్యి. బయల్దేరేముందు ఒకడు దాని పక్కన చక్రం తిప్పుతూ మంట రాజేస్తాడు. అది రాజుకునేలోపు ప్రయాణికులు కాఫీ తాగి రావచ్చు, పొలం చూసి రావచ్చు, కావాలంటే పెళ్లి సంబంధం కుదుర్చుకుని రావచ్చు. ఆదివారం పొద్దున ఎక్కినవాణ్ణి మిట్టమధ్యాహ్నం ఆళ్లగడ్డలో దిగాను.

మద్దిలేటి పేరు చెప్పగానే అంగడి ముందున్న నలుగురూ ఓబుళయ్య ఇంటికి దారి చూపించారు. ఓబుళయ్య ఆ చుట్టుపక్కల కాలువ కింది రైతులకు పెద్ద. మద్దిలేటి, ఆయన చిన్ననాటి నుంచి జతగాళ్లు. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పేదాకా కూడా ఆగలేదు.

"ముందు సంగటి తిను సామీ. బాధలు యాడికీ పోవు" అన్నాడు.

మా వైపు అతిథి వస్తే అన్నం అంటే బియ్యపన్నమే. ఇక్కడ పిడికిలి కంటే పెద్ద రాగిముద్ద, దాని నడుమ గుంటలో నెయ్యి, పక్కన శనక్కాయల పచ్చడి, ఊరిబిండి అంటారు. నమలకుండా మింగాలని నాకెవరూ చెప్పలేదు. నేను నములుతుంటే ఓబుళయ్య భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఆ ముద్ద పెట్టిన బలం మరునాడు మధ్యాహ్నం దాకా దిగలేదు.

తిన్నాక చెప్పాడు ఓబుళయ్య. లస్కరంటే కాలువ తూములు ఎత్తి దించే మనిషి. ఏ రైతు మడికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు విడవాలన్నది ఆయన చేతిలో పని. గడియారం లేదు, కాగితం లేదు. నీ వంతు అయిపోయిందప్పా అని మద్దిలేటి అంటే అయిపోయినట్టే. ఇరవై ఏళ్లలో ఆయన మాటకు ఎదురు చెప్పినవాడు లేడు.

"ఇప్పుడు దొర అబద్ధమంటాండాడని కొందురు నోరు లేపినారు సామీ. బంతికి అబద్ధమాడినోడు నీళ్లకు ఆడడా అంటాండారు. నీళ్లకోసం ఒగరి మీదొగరు కట్టెలెత్తే కాలం వచ్చింది. అందుకే నేను చెప్పినా, అహోబిలంలో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి మద్దిలేటీ, అందురి నోళ్లూ మూతపడతాయి అని. రేపు స్వాతి. వాడు ముందే ఆడికి పోయినాడు."

నరసింహస్వామి జన్మ నక్షత్రం స్వాతి. ఆ రోజు ఆయన ఎదుట వెలిగే కర్పూరం చేత్తో ఆర్పి చెప్పిన మాట అబద్ధమైతే వంశం నిలవదని అక్కడ నమ్మకం. మా వైపు కోర్టుకు పోతాం. వకీళ్ల ఫీజు తలుచుకుంటే కర్పూరమే చవక.

అహోబిలం

సోమవారం తెల్లారేసరికి ఓబుళయ్య బండిలో దిగువ అహోబిలం చేరాం. దర్శనమయ్యాక మండపం దగ్గర చూద్దును కదా, స్తంభానికి ఆనుకుని ఒక సన్నటి నల్లటి మనిషి కూర్చున్నాడు. నెరిసిన మీసం, మొలకు చిన్న గుడ్డసంచి. కళ్లు మాత్రం డేగకళ్లు, మమ్మల్ని వీధి చివర్నే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. మద్దిలేటి అతనే.

పూజారి కర్పూరం వెలిగించిన పళ్లెం పట్టుకొచ్చాడు. ఓబుళయ్యతో వచ్చిన రైతులు ఆరేడుగురు చుట్టూ మూగారు. మద్దిలేటి చెయ్యి చాపలేదు.

"నేను చెయ్యను" అన్నాడు.

ఓబుళయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏందీ? చెయ్యవా? అయితే నువ్వే ఏసినావా బంతి?"

"ఎయ్యల్యా."

"మరి ఆర్పేదానికేం రోగం?"

"ఓబుళూ, ఈపొద్దు బంతికి ప్రమాణం చేస్తి అనుకో. రేపు నీళ్లు విడుస్తా, నీ వంతు అయిపోయిందప్పా అంటా. అహోబిలం పోదాం పా, ఆర్పు అంటారు. తూము తూముకూ సామిని పిలుస్తానా? నా మాట మాటగా చెల్లితే ఈ పని చేస్తా. లేకుంటే గొడ్లు కాచుకుంటా."

కర్పూరం దానంతటదే ఆరిపోయింది. ఓబుళయ్య పళ్లెం వైపు, నేస్తం వైపు చూసి, తలపాగా ఊడదీసి మొహం తుడుచుకుంటూ పక్కకు పోయాడు. అంత పెద్దమనిషి నలుగురిలో ఏడవడం చూసేసరికి నాకు మద్దిలేటి మీద ఒళ్లు మండింది. ఒప్పుకోడు, ప్రమాణం చెయ్యడు, ఇలాంటివాణ్ణి ఎవరు మాత్రం ఏం చేసి కాపాడతారు?

మండపం మెట్ల మీద ఒక చెంచు ఆయన విల్లు పక్కన పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. పేరు గురవయ్య. తేనె అమ్ముకోవడానికి కొండ దిగాడు. చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడంటారు, కాబట్టి గుడిలో వాళ్ల మర్యాద వాళ్లకుంది. తేనె బేరం చేస్తూ ఊసుపోక అడిగాను, నీ బాణం ఎప్పుడైనా రాయికి తగిలి, తిరిగి పోయి జంతువుకు తగిలిందా అని.

"ఒగసారి తగిలింది. అడివిపంది."

"ఎవరైనా నమ్మారా?"

"నమ్మినారు. కూర తిన్యారు గదా" అన్నాడు. "తగిలిన బాణం గురించే చెప్తాం సామీ. తగలనివి శానా ఉండాయి, వాటిని ఎవుడు చెప్తాడు? అవి రాళ్లలో పడి ఉంటాయి. యాడ తగిలిందో రాయి మీద గీటు మాత్రం ఉంటాది."

దొర ముందు అరగంట నేను దంచిన లెక్క గురవయ్య నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. పైగా నాకు తట్టనిది ఒకటి చెప్పాడు. తేనె కూజా అక్కడే వదిలేసి మద్దిలేటి దగ్గరికి పరుగెత్తాను.

"మద్దిలేటీ, బంతి రాయికి సరిగ్గా ఎక్కడ తగిలింది?"

"గుర్తు పెట్టినా గదా సారూ."

మొలసంచిలోంచి సుద్దగడ్డ తీసి చూపించాడు. తూములో నీళ్లు ఎంతదాకా ఎక్కాయో అప్పటికప్పుడు రాతిమీద గీయడం లస్కర్లకు అలవాటు. తగాదా రాబోతోందని తోస్తే ముందు గీత, తరువాత మాట. ఆ రోజు కూడా బంతి తగిలిన చోట, దొరలు తుమ్మచెట్లు దాటి వచ్చేలోపే, చిన్న అడ్డగీత, దాని కింద చుక్క పెట్టాడు.

"నెల రోజులుగా ఈ సంగతి ఎందుకు చెప్పలేదయ్యా మగడా?"

"నువ్వే ఏసినావా, ఏయలేదా అని అడిగినారు. ఎయ్యల్యా అన్యా. యాడ తగిలిందని ఎవురడిగినారు?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలోనే బావ మాట గుర్తొచ్చింది. మరునాడు పొద్దునే కంచెకు సున్నం!

శిరివెళ్ల దగ్గర తోపుడు

మంగళవారం మొదటి బస్సు పట్టుకున్నాం, నేను, మద్దిలేటి, ఓబుళయ్య. స్నేహితులిద్దరూ మాట్లాడుకోవడం లేదు, కానీ ఒకే సీట్లో కూర్చున్నారు. శిరివెళ్ల దగ్గర బస్సు దగ్గి, ఊపిరి వదిలి, ఆగిపోయింది. పొయ్యి చల్లారిందట. అందరూ దిగి తోశాం. నా పక్కన తోస్తున్న ఒక సాయిబు, "జల్దీ తొయ్యి సామీ, పెండ్లికి పోతాండావా ఏంది అంత తొందర!" అన్నాడు, నెమ్మదిగా తోస్తున్నానని తిట్టాడో, తొందరపడుతున్నానని తిట్టాడో ఇప్పటికీ తెలియదు. తోసి తోసి నా చెప్పు తెగింది. ఒక చెప్పుతో నంద్యాలలో దిగి, దాన్నీ చేతిలో పట్టుకుని మైదానానికి పరుగెత్తాను.

కంచె సగం తెల్లగా మెరిసిపోతోంది. సున్నం కొట్టే మనిషి మూడో గుంత దగ్గరికే వచ్చాడు. "ఆపు!" అని నేను వేసిన కేకకు వాడు బకెట్టు వదిలేశాడు. సున్నం బావ పంచె మీద పడింది. బావ నన్ను ఏమన్నాడో రాయను. మద్దిలేటి తిన్నగా పోయి ఒక పలక ముందు నిలబడి వేలు పెట్టాడు. అడ్డగీత, కింద చుక్క. సున్నం అక్కడికి ఇంకా రెండు రాళ్ల దూరంలో ఆగింది.

నూలు

దొరకు కబురు పంపాం. ఆయన వచ్చేలోపు నేను నూలు తెప్పించి, దొర బంతి కొట్టిన చోటి నుంచి ఆ గీతదాకా బిగించి కట్టాను. బంతి ఏ వాలుగా రాయికి తగిలితే, దాదాపు అదే వాలుగా అవతలికి పోతుంది. అద్దం మీద పడ్డ వెలుగులాగే. కోణం కొలిచి, అటు వైపు నూలు లాగాను. అది గుంతకు నాలుగు గజాల ఎడంగా పోయింది.

మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. మద్దిలేటి మొహం చూడలేకపోయాను. మనసులో మాట దాచడమెందుకు, అయితే ఇతను అబద్ధమే ఆడాడన్నమాట అనుకున్నాను. అప్పుడే దొర వచ్చాడు. నూలు ఏమిటని అడిగితే చెప్పాను, నాలుగు గజాల సంగతి కూడా చెప్పాను. దాచే దారి లేదు.

దొర నూలు వెంబడి కొట్టే చోటిదాకా నడిచాడు. అక్కడి నుంచి రాతి వైపు చూశాడు. ఉన్నట్టుండి ఆయన మొహం మారిపోయింది.

"ఈ నూలు తిన్నగా ఉంది. నా బంతి నా జన్మలో ఎన్నడూ తిన్నగా పోలేదు" అన్నాడు.

కర్ర తెప్పించి, ఒక బంతి పెట్టి కొట్టాడు. అది సగం దూరం తిన్నగా పోయి, అక్కడి నుంచి విల్లులా వంగి కుడివైపుకు తిరిగింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. కర్ర బంతిని పక్కగా రాసుకుంటూ తగులుతుంది, బంతి బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఒక పక్క గాలి దానితో కలిసి జారుతుంది, ఇంకో పక్క ఎదురు తగులుతుంది, ఎదురు తక్కువున్న వైపుకు బంతి ఒరుగుతుంది. ఇరవై ఏళ్లుగా ఆయనకు వదలని జబ్బు ఇది. దూరం నుంచి వంగి వస్తున్న బంతి రాయిని నా నూలు చెప్పినంత ఏటవాలుగా కాక, ఇంకా ఎదురుగా కొడుతుంది. వంగిన దారి చివరి పది గజాల వెంట నూలు మార్చి కట్టి, మళ్లీ కోణం లాగాను. నూలు గుంత అంచును తాకుతూ పోయింది.

దొర వంగి ఆ గీతను, చుక్కను దగ్గరగా చూశాడు. కల్పించి గీసేవాడైతే తిన్నగా చూసుకుని, లెక్క కుదిరే చోట గీస్తాడు. నాలుగు గజాలు తప్పే చోట గీయడు. కంటితో చూసినవాడే అక్కడ గీస్తాడు. ఇది నేను చెప్పక్కర్లేకుండానే దొరకు అర్థమైంది. మద్దిలేటి దగ్గరికొచ్చి, టోపీ తీసి, తనకొచ్చిన తెలుగులో, ఓబుళయ్య, బావ, సున్నం కొట్టే మనిషి అందరూ వింటుండగా అన్నాడు, "మద్దిలేటి, తప్పు నాది."

ఆ కాగితం ఇక పెద్ద దొర ముందు పెట్టనని చెప్పి, జేబులోంచి తూము తాళంచెవి తీసి ఇచ్చాడు. మద్దిలేటి కళ్లకద్దుకుని మొలతాటికి కట్టుకున్నాడు. ఓబుళయ్య వచ్చి నేస్తం వీపు మీద దబ్బున ఒక్కటి వేశాడు. వాళ్లు మాట్లాడుకున్నట్టే లెక్క.

సాయంత్రం నేను రైలుకు పోయేముందు మద్దిలేటి తన తూము చూపిస్తానని కాలువ గట్టు మీదికి తీసుకెళ్లాడు. నెలగా వేరెవరో నూనె పెట్టకుండా తిప్పిన చక్రం బిగుసుకుపోయింది. నూనె పోస్తూ, నావైపు చూడకుండా అడిగాడు.

"ఒగ మాట అడుగుతా సారూ. నూలు కట్టకముందు నన్ను నమ్మినావా?"

నమ్మానని చెప్పడానికి నోరు తెరిచాను. ఎంత చిన్న మాట! ఆయన సంతోషిస్తాడు, నేను రైలెక్కుతాను, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ ఒక్క చిన్న మాట ఆడలేకే కదా ఈ మనిషి నెల రోజులు ఇంట్లో కూర్చున్నాడు.

"లేదు మద్దిలేటీ. నమ్మలేదు. నూలు తప్పినప్పుడైతే అబద్ధమే ఆడావనుకున్నాను."

చక్రం కిర్రుమని కదిలింది. తలుపు కింద నుంచి నీళ్లు తోసుకొచ్చి పిల్లకాలువలో పడ్డాయి. మద్దిలేటి సుద్దగడ్డ తీసి రాతిమీద గీత గీసి, అప్పుడు నావైపు తిరిగి నవ్వాడు.

"నేనైనా నమ్మనులే సారూ. అట్లా పోయింది మరి బంతి, నేనేం చేసేది?"